వారం జీతమే అసలు ధర

బజర్‌బీటర్ అనే ఆన్‌లైన్ బాస్కెట్‌బాల్ మేనేజర్ ఆట ఆడేవాళ్ళు వేలంలో ఒక ఆటగాడు పదివేలు తక్కువకి దొరుకుతాడేమోనని అర్ధరాత్రి దాకా మేలుకుని కూర్చుంటారు. అదే పేజీలో వారం జీతం అని ఇంకో అంకె ఉంటుంది. దాని మీద చూపు క్షణం కూడా నిలవదు. ఈ ఆటలో క్లబ్బులు చితికిపోవడానికి ఇంతకంటే పెద్ద కారణం లేదని నా గట్టి అభిప్రాయం. వేలం ధర ఒక్కసారి పోతుంది. జీతం ప్రతి సోమవారం పోతుంది. ఏనుగును కొనడం వేరు, మేపడం వేరు.

ముందు ఒక లెక్క చూద్దాం. ఇందులోని అంకెలు పద్ధతి చూపించడానికి వేసుకున్నవి. ఇద్దరు సెంటర్లు (బుట్ట దగ్గర ఆడే పొడగరులు) ఉన్నారు. మొదటివాడి వేలం ధర 3,00,000 డాలర్లు, వారం జీతం 20,000. రెండోవాడి ధర 60,000 మాత్రమే, జీతం 38,000. చూడగానే రెండోవాడు కారుచౌక. బజర్‌బీటర్‌లో సీజన్ అంటే 14 వారాలు. 14 వారాలకి మొదటివాడి జీతం 2,80,000, ధరతో కలిపితే 5,80,000. రెండోవాడి జీతం 5,32,000, ధరతో కలిపితే 5,92,000. ‘చౌక’ ఆటగాడు అప్పుడే 12,000 ఎక్కువ తిన్నాడు. కథ అక్కడితో ఆగదు. సీజన్ చివర మొదటివాణ్ణి అమ్మితే కోతలు పోను 2,20,000 చేతికొచ్చాయనుకుందాం, రెండోవాడికి మహా అయితే 20,000 వస్తాయి. అంటే మొదటివాడితో ఒక సీజన్ గడిచినందుకు అయిన అసలు ఖర్చు 3,60,000, రెండోవాడితో 5,72,000. ఆట ఇద్దరిదీ ఒకటే అనుకున్నా తేడా 2,12,000. ఒక చిన్న క్లబ్బుకి ఇది స్టేడియం విస్తరణకి సరిపోయే సొమ్ము.

రెండోవాడి ధర అంత తక్కువ ఎందుకుందో కూడా ఆలోచించాలి. జీతం లెక్క తెలిసినవాళ్ళంతా అతన్ని చూసి పక్కకి తప్పుకున్నారు. చౌక ధర చాలాసార్లు మార్కెట్ చేసే హెచ్చరికే.

ఈ ఆట తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. బజర్‌బీటర్‌లో మీరు బంతి ఆడరు, బ్రౌజర్‌లో ఒక బాస్కెట్‌బాల్ క్లబ్బును నడుపుతారు. లీగ్‌లో 16 జట్లు, ఎనిమిదేసి చొప్పున రెండు కాన్ఫరెన్సులు (గుంపులు). సొంత కాన్ఫరెన్సులో ప్రతి జట్టుతో రెండుసార్లు, అవతలివాటితో ఒక్కోసారి, మొత్తం 22 మ్యాచ్‌లు. అందులో సొంత మైదానంలో ఆడేవి 11. ఇక్కడి డాలర్లు ఆటలోనివే, బయట చెల్లవు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించినప్పటి నుంచి మనవాళ్ళకి ‘ఆన్‌లైన్ ఆటలో డబ్బు’ అనే మాట వింటేనే భయం. దానికీ దీనికీ సంబంధం లేదు.

ఇక అసలు విషయం. జీతాన్ని ఎవరు నిర్ణయిస్తారు? మీరూ కాదు, ఆటగాడూ కాదు. ఇక్కడ ఒప్పందాలుండవు, బేరాలుండవు. ఆటగాడి నైపుణ్యాల్ని బట్టి ఒక సూత్రం జీతం కడుతుంది, అదీ సీజన్‌కి ఒక్కసారే, కొత్త సీజన్‌కి మారేటప్పుడు. ఆ సూత్రం తీరు తెలిస్తే సగం ఆర్థికశాస్త్రం తెలిసినట్టే. నైపుణ్యం ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ జీతం సమానంగా పెరగదు, పైకి పోయేకొద్దీ నిటారుగా లేస్తుంది. రెండోది, ఆటగాడికి ఏ స్థానం బాగా నప్పుతుందో ఆ స్థానం లెక్కనే జీతం కడుతుంది. సెంటర్‌కి ఇన్‌సైడ్ షాట్ (బుట్ట దగ్గర్నుంచి వేయడం), ఇన్‌సైడ్ డిఫెన్స్ (బుట్ట దగ్గర అడ్డుకోవడం), రీబౌండింగ్ (గురి తప్పిన బంతిని అందుకోవడం) ఈ మూడూ బాగా ఎత్తుకు చేరితే జీతం ఆకాశాన్నంటుతుంది. అదే సెంటర్‌కి పాసింగ్, హ్యాండ్లింగ్ (బంతిని అదుపులో ఉంచుకోవడం), జంప్ షాట్ (దూరం నుంచి ఎగిరి వేయడం) కొంచెం కొంచెం ఉంటే మైదానంలో అతని విలువ బాగా పెరుగుతుంది, జీతం మాత్రం పెద్దగా కదలదు. గార్డులకి (బయట ఉండి బంతి నడిపించేవాళ్ళకి) ఇదే తిరగేసి చదువుకోవాలి. బయట ఆడే నైపుణ్యాలతో పాటు ఇన్‌సైడ్ షాట్, రీబౌండింగ్ ఉన్న గార్డు, లోపలికి బంతి వేసే వ్యూహం ఆడే జట్టుకి వరం.

అందుకే ఆటగాణ్ణి వెతికేటప్పుడు స్థానం, వయసు, జీతం పెట్టి వెతకడం సరిపోదు. ‘ఈ జీతానికి నాకు ఎన్ని నైపుణ్యాలు వస్తున్నాయి’ అని వెతకాలి. వెతుకులాటలో జీతానికి పైగీత పెట్టి, రెండో వరస నైపుణ్యాలకి (ఆ స్థానం జీతాన్ని పెద్దగా పెంచనివాటికి) కిందిగీత పెట్టండి. ఉదాహరణకి సెంటర్ కావాలంటే రీబౌండింగ్‌కి అత్యున్నత స్థాయి అడగకుండా రెండు మెట్లు తగ్గించి, పాసింగ్‌కి కనీసం సగటు స్థాయి అడగండి. జాబితా చిన్నదవుతుంది, ధర ఎక్కువ పలుకుతుంది. ఆ ధర పెట్టడం తప్పు కాదు. అది అమ్మినప్పుడు చాలావరకు వెనక్కొస్తుంది, జీతం రాదు.

అమెరికాలోని అసలు బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోనూ ఇదే సంగతి. అక్కడ 2024–25లో జీతాల పరిమితి 14.06 కోట్ల డాలర్లు, దాటితే పన్ను కట్టాల్సిన లగ్జరీ పన్ను గీత 17.08 కోట్లు. ఫీనిక్స్ సన్స్ జట్టు 2023 ఫిబ్రవరిలో కెవిన్ డ్యురాంట్‌ని, అదే ఏడాది జూన్‌లో బ్రాడ్లీ బీల్‌ని తెచ్చుకుంది. బీల్ కోసం ఇచ్చిన ఆటగాళ్ళని చూసి అప్పట్లో చాలామంది మంచి బేరమే అన్నారు. అసలు బరువు అతని ఒప్పందంలో ఉంది: 2022లో పాత జట్టు వాషింగ్టన్‌తో రాసుకున్న 5 ఏళ్ళ, 25.1 కోట్ల డాలర్ల ఒప్పందం, పైగా తన అనుమతి లేకుండా ఎక్కడికీ పంపకూడదనే షరతు. సన్స్ 2024 ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివర టైటిల్ కోసం జరిగే పోటీలు) మొదటి రౌండ్‌లోనే మిన్నెసోటా చేతిలో 4–0తో పోయింది. మరుసటి సీజన్ 36 గెలుపులు, 46 ఓటములతో ప్లేఆఫ్స్‌కే వెళ్ళలేదు. 2025 వేసవిలో డ్యురాంట్‌ని హ్యూస్టన్‌కి పంపేసి, బీల్‌ని ఒప్పందం మధ్యలోనే వదులుకుని, ఆ బాకీని 5 సీజన్ల మీద పరచుకోవాల్సి వచ్చింది. కొన్న ధర కాదు, మోయాల్సిన జీతమే ఆ జట్టు చేతులు కట్టేసింది. బజర్‌బీటర్‌లో ఈ బాధ ఒకరకంగా తక్కువ, ఎందుకంటే ఒప్పందం లేదు కాబట్టి మోయలేని ఆటగాణ్ణి వదిలించుకోవచ్చు. ఆ వెసులుబాటును చాలామంది వాడుకోరు. ‘అంత పెట్టి కొన్నాను కదా’ అని ఇంకో సీజన్ జీతం పోస్తారు. పెట్టిన ధర పోయిన డబ్బే. దాన్ని మనసులోంచి కొట్టేసి, రాబోయే 14 వారాల జీతాన్నీ, ఈరోజు అమ్మితే వచ్చే సొమ్మునీ మాత్రమే పక్కపక్కన పెట్టి చూడాలి.

జట్టులో ఎంతమంది ఉండాలన్నది కూడా జీతం ప్రశ్నే. వారానికి మూడు మ్యాచ్‌లు ఉంటాయి: లీగ్ మ్యాచ్‌లు రెండు, కప్ మ్యాచో స్నేహపూర్వక మ్యాచో ఒకటి. ఒక మ్యాచ్‌లో ఐదు స్థానాలు, 48 నిమిషాలు, అంటే 240 నిమిషాలు. మూడింటికి 720. ఆటగాడి గేమ్ షేప్ (ఆడటానికి ఉన్న ఫిట్‌నెస్) బాగుండాలంటే వారంలో దాదాపు 50 నుంచి 70 నిమిషాలు ఆడాలి. అంతకు తగ్గినా, బాగా మించినా షేప్ పడిపోతుంది. 720ని 70తో భాగిస్తే పదిమంది, 60తో భాగిస్తే పన్నెండుమంది. పదిహేనుమంది మంచి జీతగాళ్ళని పెట్టుకుంటే ముగ్గురు నలుగురు ఆడే నిమిషాల్లేక షేప్ పోగొట్టుకుంటూ, జీతం మాత్రం పూర్తిగా తీసుకుంటారు. 15,000 జీతగాళ్ళు ఇద్దరు అదనంగా కూర్చుంటే 14 వారాలకి 4,20,000. నా లెక్క ప్రకారం ఎనిమిది మంది అసలు ఆటగాళ్ళు, ఇద్దరు ముగ్గురు శిక్షణలో ఉన్న కుర్రాళ్ళు, గాయాల కోసం నామమాత్రపు జీతంతో ఒకరిద్దరు చాలు. గాయం భయంతో ఖరీదైన బెంచ్ పెట్టుకోవడం నాకు మింగుడుపడని వాదన. గాయమయ్యాక మార్కెట్లో మనిషిని కొనడానికి అయ్యే ఖర్చు సీజన్ పొడవునా ఒకణ్ణి కూర్చోబెట్టి పోషించే ఖర్చు కన్నా దాదాపు ఎప్పుడూ తక్కువే.

శిక్షణ విషయం కొంచెం నిదానంగా చెప్పుకోవాలి, చిన్న క్లబ్బు నిలదొక్కుకునేది ఇక్కడే. శిక్షణ స్థానాన్ని బట్టి ఉంటుంది. ఆ వారంలో ఆ స్థానంలో 48 నిమిషాలు ఆడినవాడికి పూర్తి శిక్షణ అందుతుంది. ఒకే స్థానానికి శిక్షణ పెడితే మూడు మ్యాచ్‌లకి 144 నిమిషాలు, అంటే కాగితం మీద ముగ్గురు. రెండు స్థానాలకి పెడితే ఆరుగురు, కానీ ఎదుగుదల నెమ్మదిస్తుంది. ఆ ‘కాగితం మీద’ దగ్గరే తేడా వస్తుంది. ముగ్గురూ మూడు మ్యాచ్‌ల్లో ఒక్క నిమిషం కూడా బెంచ్ మీద కూర్చోకుండా ఆడితేనే 48 చొప్పున వస్తాయి. ఒకడు ఫౌల్స్‌తో బయటికొచ్చినా, మ్యాచ్ ఏకపక్షమై బెంచ్ ఆటగాళ్ళు దిగినా 41, 43 దగ్గర ఆగిపోతుంది. కాబట్టి ఇద్దరికి ఖాయంగా, మూడోవాడికి కుదిరితే అన్నట్టు వేసుకోండి. స్నేహపూర్వక మ్యాచ్ కుర్రాళ్ళదే, అక్కడ గెలుపోటములకి విలువ లేదు. కప్‌లో ముందుకు పోతున్నంతకాలం ఆ మ్యాచ్ దొరకదని గుర్తుంచుకోండి.

ఇక డబ్బు కోణం. శిక్షణతో నైపుణ్యం సీజన్ మధ్యలోనే పెరుగుతుంది, జీతం మాత్రం సీజన్ మారేదాకా పాతదే. 4,000 జీతంతో మొదలైన పందొమ్మిదేళ్ళ కుర్రాడు సీజన్ చివరికి 9,000 జీతపు ఆట ఆడుతుంటాడు. మధ్యలో వచ్చిన ఆ ఆటంతా మీకు ఉచితం. కొనేటప్పుడు ఇదే సంగతి ఎదురు తిరుగుతుంది. పదో వారంలో ఎవడో తక్కువ జీతంతో, మంచి నైపుణ్యాలతో కనిపిస్తాడు. ఆ జీతం కొద్దివారాల ముచ్చట. కొనే ముందు అతని నైపుణ్యాలకి దగ్గరగా ఉండి, ఈ సీజన్‌లో శిక్షణ అందని వయసు మీరిన ఆటగాళ్ళు ఇద్దరు ముగ్గుర్ని మార్కెట్లో వెతికి, వాళ్ళ జీతాలు చూడండి. కొత్త సీజన్‌లో మీరు కట్టబోయేది దాదాపు ఆ అంకె. దాన్ని మీ పద్దులో వేసి, అప్పుడూ మిగులు ఉంటేనే బిడ్ వెయ్యండి.

కుర్రాడి పొటెన్షియల్ (అతను ఎదగగల గరిష్ఠం) కూడా ఖర్చే. గరిష్ఠానికి దగ్గరైనవాడికి శిక్షణ ఇచ్చినా ఎదుగుదల నత్తనడకన సాగుతుంది, మంచి ట్రైనర్‌కి ఇస్తున్న జీతం వృథా. అక్కడికి చేరకముందే అమ్మేసి, ఆ చోటు కొత్త కుర్రాడికి ఇవ్వాలి. ఎత్తు సంగతీ అంతే. పొడగరికి లోపలి ఆట, పొట్టివాడికి బయటి ఆట త్వరగా వస్తాయి. అమ్మేటప్పుడు ఒక కోత ఉంటుంది: కొని వెంటనే అమ్మితే ధరలో చేతికొచ్చే వాటా తక్కువ, ఎక్కువ కాలం ఉంచుకున్నవాడి మీద ఎక్కువ. వారానికో ఇద్దర్ని కొని అమ్మి లాభం చేసుకుంటాననే పద్ధతి ఈ కోత దగ్గరే దెబ్బతింటుంది.

ఇప్పుడు రాబడి. టీవీ ఒప్పందం లీగ్ స్థాయిని బట్టి వస్తుంది, అందులో మీరు చెయ్యగలిగింది పైలీగ్‌కి వెళ్ళడం ఒక్కటే. జట్టు పేరున్న సరుకుల అమ్మకం జట్టు ఆటతీరునీ, జట్టులోని ఆటగాళ్ళనీ బట్టి మారుతుంది. సొంత దేశపు ఆటగాళ్ళనీ, చాలాకాలంగా ఉన్నవాళ్ళనీ అభిమానులు ఇష్టపడతారు. నిజంగా మీ చేతిలో ఉన్నది టికెట్టు.

టికెట్ ధర దగ్గర చాలామంది చూసే కొలత తప్పు. స్టేడియం నిండిపోతే సంతోషిస్తారు. నిండిపోయిందంటే ధర తక్కువ పెట్టారని అర్థం. మళ్ళీ ఊహించిన అంకెలే: 8,000 బ్లీచర్ (అన్నిటికన్నా చౌక తరగతి) సీట్లు, 10 డాలర్లకి నిండితే 80,000. 11 పెడితే 7,500 మంది వచ్చారు, 82,500. 12 పెడితే 6,700 మంది, 80,400. అంటే మీ ధర 11, కొన్ని సీట్లు ఖాళీగా కనిపించినా సరే. ఈ పరీక్ష చేసేటప్పుడు ఒకసారికి ఒకే తరగతి సీట్ల ధర మార్చండి, ఒకటి రెండు డాలర్లకి మించి కదపకండి, కనీసం రెండు సొంత మ్యాచ్‌లు చూడండి. లీగ్‌లో మొదటి స్థానంలో ఉన్న జట్టు వచ్చినప్పటి జనాన్ని చూసి ధర పెంచితే, మరుసటి మ్యాచ్‌కి చివరి జట్టు వచ్చినప్పుడు బోర్లా పడతారు. నాలుగు ఓటములు వరసగా వచ్చినప్పుడు పరీక్షలు మొదలుపెట్టొద్దు. జనం తగ్గింది ధర వల్లో ఓటమి వల్లో తెలియదు.

విస్తరణ విషయంలో ఒక్క ప్రశ్న: కొత్త సీటు కొత్త మనిషిని తెస్తుందా? 500 సీట్లకి 1,50,000 అయ్యిందనుకోండి. టికెట్ 35, నిండేది 80 శాతం అయితే మ్యాచ్‌కి 14,000, 11 మ్యాచ్‌లకి 1,54,000, ఒక సీజన్‌లో పెట్టుబడి తిరిగొచ్చింది. కానీ పాత సీట్లలోనే పదిహేను శాతం ఖాళీగా ఉంటే కొత్తవి ఖాళీ కుర్చీలే, పెట్టుబడికి వచ్చే రాబడి సున్నా. అందుకే తక్కువ ధర దగ్గర కాదు, సరైన ధర దగ్గర కూడా ఏ తరగతి నిండుతోందో ఆ తరగతినే పెంచాలి. సీజన్ మొదట్లో కట్టిన సీటు 11 మ్యాచ్‌లు సంపాదిస్తుంది, ఎనిమిదో వారంలో కట్టింది ఆ సీజన్‌కి మూడు నాలుగు. డబ్బు చేతిలో ఉంటే కొత్త ఆటగాడి కన్నా ముందు సీట్లే కట్టాలని నేనంటాను. సీటుకి జీతం లేదు.

సిబ్బంది గురించి క్లుప్తంగా: ట్రైనర్, డాక్టర్, ప్రచార మేనేజర్. వీళ్ళ జీతం మీ దగ్గర ఉన్నంతకాలం వారం వారం కొంచెం కొంచెం పెరుగుతూ పోతుంది, అది కంటికి కనిపించదు. శిక్షణ మీద బతికే క్లబ్బుకి మంచి ట్రైనర్ తప్పనిసరి, డాక్టర్ మధ్యస్థంగా చాలు. రెండు మూడు వారాలకోసారి అదే స్థాయి కొత్తవాళ్ళు వేలంలో ఎంతకి దొరుకుతున్నారో చూసి, వేలం ధరా కొత్త జీతమూ కలిపినా పాతవాడి కన్నా తక్కువైతే మార్చేయండి.

ఇన్నీ ఒకచోట కనిపించాలంటే చిన్న పట్టిక కావాలి. ప్రతి సోమవారం పద్దు రాగానే టికెట్లు, టీవీ, సరుకులు ఒకవైపు, ఆటగాళ్ళ జీతాలు, సిబ్బంది, స్కౌటింగ్ (కొత్త కుర్రాళ్ళని వెతికే ఖర్చు) ఇంకోవైపు రాయండి. ఆటగాళ్ళని కొన్న, అమ్మిన సొమ్మునీ, స్టేడియం నిర్మాణాన్నీ ఇందులో కలపొద్దు, అవి విడిగా. ఆటగాణ్ణి అమ్మిన వారం పద్దు పచ్చగా కనిపించి, జీతాల లోటు దాని వెనక దాక్కుంటుంది. ఒక వారం అంకెను నమ్మొద్దు కూడా. ఒక వారం రెండు మ్యాచ్‌లూ బయట పడొచ్చు, ఇంకో వారం రెండూ ఇంట్లో పడొచ్చు. నాలుగు వారాలు కూడి నాలుగుతో భాగించండి. కప్ రాబడిని అంచనాలోకి తీసుకోవద్దు, ఒక్క ఓటమితో అది అయిపోతుంది. లీగ్ మ్యాచ్‌లు 11 వారాల్లో ముగుస్తాయి, ఆ తర్వాత ప్లేఆఫ్స్ ఆడితే తప్ప లీగ్ టికెట్ డబ్బు రాదు. కాబట్టి 11 సొంత మ్యాచ్‌ల రాబడిని 14 వారాల మీద పరచి చూసుకోవడం క్షేమం.

డబ్బు కూడబెట్టి ఒకే సీజన్‌లో కుమ్మరించి పైకి ఎగబాకాలనే వాదన ఒకటి ఎప్పుడూ వినిపిస్తుంది. ఆట నియమాలే దానికి అడ్డం పడుతున్నాయి. జీతాలకి ఒక కనీస మట్టం ఉంది, దానికన్నా తక్కువ జట్టుతో నెట్టుకొస్తే తేడా కట్టాలి. ఆదాయాన్ని మించి ఖర్చు చేసేవాళ్ళ మీద పన్ను ఉంది. వీటిని పక్కన పెట్టినా, అలా పైకెళ్ళిన జట్టు అక్కడ నిలబడదు. పైలీగ్‌లో కాన్ఫరెన్సులో ఎనిమిదో స్థానం వస్తే నేరుగా కిందికి, ఆరూ ఏడూ వస్తే నిలబడటానికి మళ్ళీ ఆడాలి. కిందికొస్తే టీవీ డబ్బు తగ్గుతుంది, జీతాలు తగ్గవు. వారం మిగులు నిలకడగా ఉన్న జట్టు ఒక సీజన్ ఆలస్యంగా ఎక్కినా ఎక్కిన చోట ఉంటుంది.

ఇప్పటికే లోటులో ఉన్నవాళ్ళు చెయ్యాల్సింది ఇది. ప్రతి ఆటగాడి వారం జీతాన్ని అతను గత నాలుగు వారాల్లో సగటున ఆడిన నిమిషాలతో భాగించండి. ఎవరి నిమిషం అన్నిటికన్నా ఖరీదో వాడు ముందు అమ్మకానికి. లోటు వారానికి 25,000 అయితే 28,000 జీతం దించితే చాలు, జట్టు మొత్తాన్ని విప్పనక్కర్లేదు. అందర్నీ ఒకేసారి జాబితాలో పెట్టొద్దు. ఒకే స్థానంవాళ్ళు ఇద్దరుంటే ఒకడి ధరను ఇంకొకడు తినేస్తాడు. వేలం ముగిసే వేళ చూసుకోండి. ఈ ఆటలో యూరప్‌వాళ్ళు ఎక్కువ. మన సాయంత్రం ఏడు నుంచి రాత్రి పన్నెండు మధ్య ముగిస్తే అక్కడివాళ్ళు మెలకువగా ఉంటారు, తెల్లవారుజామున ముగిస్తే బిడ్లు పడవు. ప్రారంభ ధర కోరుకునే దానిలో సగం దగ్గర పెట్టండి. ఒక్క బిడ్ కూడా పడకపోతే మరుసటి వారం ఇంకో పావు తగ్గించండి. రెండోసారి కూడా ఎవరూ కొనకపోతే అతని మార్కెట్ విలువ సున్నా అని ఒప్పుకుని వదిలేయండి. ఆ వచ్చే సోమవారం నుంచే జీతం మిగులుతుంది.